ఒక హక్కుల చట్టము, నాలుగు దేశములు

1976వ సంవత్సరము సెప్టెంబరు 23వ తేదీన స్కాట్లండులోని ఫైఫ్ ప్రాంతమున ఒక ఉన్నత పాఠశాల విద్యార్థి, బడి విడిచిన పిమ్మట, ఇంటికి దగ్గర దారిని పోవ ప్రయత్నించెను. ఆ దారి శ్మశానవాటిక గుండా పోవును. విద్యార్థులు అటు నడువరాదని నిషేధము. పట్టుపడిన బాలుని మరునాడు వచ్చి దండన పొందుమని సహాయ ప్రధానోపాధ్యాయుడు ఆజ్ఞాపించెను. దండన యనగా ‘టాజ్’ అను తోలుపట్టెడతో అరచేతిపై కొట్టుట. మన వీధిబడులలో బెత్తమునకును కోదండమునకును ఎట్టి స్థానముండెడిదో, స్కాట్లండు బడులలో ఆ తోలుపట్టెడకు అట్టి స్థానముండెడిది. ఆ ఫైఫ్ ప్రాంతముననే లాక్‌గెల్లీ అను బొగ్గుగనుల ఊరిలో అవి తయారగుటచేత ఊరి పేరే తోలుపట్టెడకు మారుపేరైనది.

బాలుడు మరునాడు తండ్రి సలహాపై ఉపాధ్యాయుని యెదుట హాజరయ్యెను. కాని చేయి చాపలేదు. దండనకు ఒప్పుకొనువరకు బడికి రావలదనిరి. అతడు ఒప్పుకొనలేదు. మరల ఆ బడి గడప తొక్కలేదు. 1977 మే 31వ తేదీతో నిర్బంధ విద్యకు ఏర్పరచిన వయస్సు తీరిపోయినది. ఆ బడితో అతని ఋణమును తీరినది.

తన బిడ్డను కొట్టరాదని కోరు తల్లి ఈ తగవును ఎవరితో చెప్పుకొనవలెను? ఉపాధ్యాయుడు మితముగా కొట్టుట ఆనాటి స్కాట్లండు న్యాయము ప్రకారము నేరము కాదు. లండనులోని పార్లమెంటు దానిని నిషేధింపలేదు. కనుక ఆ తల్లి, గ్లాస్గో సమీపమునందలి మరియొక తల్లివలెనే, ఫ్రాన్సు దేశమున స్ట్రాస్‌బర్గు నగరమందున్న యూరోపియను మానవ హక్కుల న్యాయవ్యవస్థను ఆశ్రయించెను. 1982 ఫిబ్రవరి 25వ తేదీన తీర్పు వచ్చినది. తోలుపట్టెడ భయము అమానుషమని న్యాయస్థానము చెప్పలేదు. అయితే బిడ్డల చదువు విషయమున తలిదండ్రుల దృఢవిశ్వాసములను ప్రభుత్వము మన్నింపవలెననియు, దండనకు తలయొగ్గనందున బాలుని బడికి దూరము చేయుట విద్యాహక్కునకు భంగమనియు నిర్ణయించెను. పార్లమెంటు మరి నాలుగేండ్లు తర్జనభర్జన పడినది. 1986 జూలై 22వ తేదీన కామన్సు సభలో దండన నిషేధమునకు అనుకూలముగా 231 ఓట్లు, ప్రతికూలముగా 230 ఓట్లు వచ్చినవి. ఆ ఒక్క ఓటు ఆధిక్యముతో 1987 ఆగస్టునుండి ప్రభుత్వ పాఠశాలలలో దెబ్బలు నిలిచిపోయినవి. అప్పటికి ఆ బాలుడు ఇరువది యైదేండ్లు దాటిన యువకుడు.

ఇట్టి ఆలస్యమే మానవ హక్కుల చట్టమునకు మూలకారణము. బ్రిటనుకు వ్రాసియున్న రాజ్యాంగము లేదు. మానవ హక్కుల యూరోపియను ఒడంబడికను 1950లో రోము నగరమున కుదుర్చుకొన్నప్పుడు దాని రచనలో బ్రిటిషు న్యాయవేత్తలు ప్రముఖ పాత్ర వహించిరి. వారిలో పేరుపొందిన డేవిడ్ మాక్స్‌వెల్ ఫైఫ్ ఎడింబరో నగరమున పుట్టినవాడు. అందరికంటె ముందుగా దానిని ధ్రువీకరించినదియు బ్రిటనే. వ్యక్తులు నేరుగా ఫిర్యాదు చేసికొను హక్కును మాత్రము 1966 వరకు ఒప్పుకొనలేదు. ఒప్పుకొన్న తరువాత గూడ స్వదేశపు కోర్టులలో ఆ ఒడంబడికకు చట్టబలము లేదు. దేశములోని కోర్టులన్నియు తిరిగి ఓడిన పిమ్మట స్ట్రాస్‌బర్గులో వ్యాజ్యము నడుపుటకు సగటున అయిదేండ్లును 30,000 పౌనులును పట్టుచున్నవని 1997లో ప్రభుత్వమే తన శ్వేతపత్రములో లెక్క చెప్పెను. హక్కులను ఇంటికి తెచ్చుట అని ఆ పత్రమునకు పేరు.

1998 నవంబరు 9వ తేదీన మానవ హక్కుల చట్టము రాజముద్ర పొందెను. ఇది మన రాజ్యాంగమందలి ప్రాథమిక హక్కుల వంటిది కాదని మొదటనే గ్రహింపవలెను. మన 13వ అధికరణము ప్రకారము ప్రాథమిక హక్కులకు విరుద్ధమైన శాసనము పార్లమెంటు చేసినదైనను, రాష్ట్ర శాసనసభ చేసినదైనను సమానముగా చెల్లనేరదు. బ్రిటనులో అట్లు కాదు. అచట పార్లమెంటుదే సర్వాధికారము. న్యాయాధిపతులు మొదట శాసనమును సాధ్యమైనంతవరకు ఒడంబడిక హక్కులకు పొసగునట్లు అన్వయింపవలెను. ఎంత ప్రయత్నించినను పొసగనిచో “ఇది హక్కులకు అనుగుణముగా లేదు” అని ప్రకటింపవచ్చును. అంతే. శాసనము చెక్కు చెదరక నిలిచియుండును. దానిని సవరించుటయు, సవరింపక పోవుటయు పార్లమెంటు ఇష్టము.

ఇంతవరకు చదివినవారికి ఇది సాధువైన చట్టమని తోచవచ్చును. లండనునుండి చూచినచో నిజముగనే సాధువైనది. కాని అదే 1998లో అదే పార్లమెంటు మరి మూడు శాసనములను చేసెను. ఒకటి ఎడింబరోలో స్కాటిషు పార్లమెంటును, ఒకటి బెల్‌ఫాస్టులో ఉత్తర ఐర్లండు శాసనసభను, ఒకటి కార్డిఫ్‌లో వేల్సు శాసనసభను నెలకొల్పినవి. కేంద్రము తన అధికారములలో కొన్నిటిని ప్రాంతములకు బదలాయించు ఈ ఏర్పాటునే అధికార వికేంద్రీకరణ మందురు. ఆ శాసనములలో హక్కుల ప్రస్తావన వేరొక రూపమున వచ్చినది. ఒడంబడిక హక్కులకు విరుద్ధముగా స్కాటిషు పార్లమెంటు చేసిన నియమము అసలు చట్టమే కాదని స్కాట్లండు చట్టము 29వ విభాగము చెప్పుచున్నది. 57వ విభాగము ఆ ప్రాంతపు మంత్రులను గూడ అట్లే కట్టివేసినది. బెల్‌ఫాస్టు సభకును ఇదే నియమము. తరువాత శాసనాధికారము పొందిన కార్డిఫ్ సభకును ఇదే నియమము.

అనగా ఒకే హక్కునకు రెండు బరువులు. వెస్ట్‌మినిస్టరు శాసనము హక్కులకు విరుద్ధమైనచో కోర్టు విచారము ప్రకటించును. ఎడింబరో శాసనము విరుద్ధమైనచో కొట్టివేయును. లండనులో హక్కుల చట్టము ఇతర చట్టములలో ఒకటి. ఎడింబరోలోను బెల్‌ఫాస్టులోను అది శాసనసభ పొలిమేర. పొలిమేర రాతిని కదల్చినచో ఇరువైపుల పొలములును మారును కదా.

మరియొక విచిత్రము గలదు. హక్కుల చట్టము బ్రిటనంతటను అమలులోనికి వచ్చినది 2000 అక్టోబరు 2వ తేదీన. స్కాట్లండులో మాత్రము ప్రాంతీయ ప్రభుత్వ సభ్యులపై ఆ హక్కుల నిర్బంధము 1999 మేలోనే మొదలైనది. ప్రాసిక్యూషనుకు అధిపతియైన లార్డ్ అడ్వొకేటు ఆ ప్రభుత్వ సభ్యుడు. కావున నేరవిచారణ యావత్తును ఇంగ్లండుకంటె ఏడాదికి పైగా ముందే హక్కుల వెలుగులో పరీక్షకు గురియైనది. మొదటి దెబ్బ న్యాయాధిపతులకే తగిలినది. స్కాట్లండులో షెరీఫ్ అనగా జిల్లా న్యాయాధిపతి. పని ఒత్తిడికి తాత్కాలిక షెరీఫులను ఏడాది కొకమారు నియమించుచుండిరి. వారి నియామకమును, కొనసాగింపును వాస్తవముగా నిర్ణయించువాడు లార్డ్ అడ్వొకేటు. ఆయన పేర నడచు అభియోగములనే వారు విచారింపవలెను. తనకు మరుసటి యేడు ఉద్యోగ మిచ్చువాడే తన యెదుట వాది! 1999 నవంబరులో ఎడింబరో నేరవిచారణ ఉన్నత న్యాయస్థానము, ఇట్టి న్యాయాధిపతి స్వతంత్రుడు కాజాలడని తీర్పు చెప్పెను. తాత్కాలిక షెరీఫుల పద్ధతి అంతటితో కూలిపోయినది. ఏ పరదేశపు కోర్టును ఈ పని చేయలేదు. స్కాటిషు న్యాయాధిపతులే తమ ఇంటిని తాము ఊడ్చుకొనిరి.

స్కాట్లండు న్యాయవ్యవస్థ ఎంత ప్రత్యేకమైనదో తెలియనిదే తరువాతి కలహము బోధపడదు. 1707లో ఇంగ్లండుతో ఏకమైనప్పుడు స్కాట్లండు తన పార్లమెంటును వదలుకొన్నది గాని తన న్యాయస్థానములను వదలుకొనలేదు. ఐక్యతా ఒప్పందములోని 19వ అధికరణము వానిని కాపాడినది. ఆ దేశమున జ్యూరీకి పదునైదుగురు. నేరమును ఒకే ఆధారముపై నిర్ధారింపరాదను నియమము తరతరములది. సివిలు తగవులు లండనుకు అప్పీలు పోవచ్చును. నేరవిచారణలో మాత్రము ఎడింబరో ఉన్నత న్యాయస్థానముదే తుది మాట. మూడువందల ఏండ్లు పార్లమెంటు లేని జాతికి ఈ న్యాయస్థానములే జాతిచిహ్నమై నిలిచినవి. 1998 తరువాత ఒక కిటికీ తెరుచుకొన్నది. నేరవిచారణలో హక్కుల ప్రశ్న తలయెత్తినచో అది ప్రాంతీయ ప్రభుత్వ అధికారపరిధికి సంబంధించిన ప్రశ్న యగును. అట్టి ప్రశ్న మొదట ప్రీవీ కౌన్సిలునకు, 2009నుండి లండనులోని సుప్రీంకోర్టునకు పోవచ్చును.

ఆ కిటికీనుండి 2010లో పెనుగాలి వీచినది. స్కాట్లండులో పోలీసులు అనుమానితుని ఆరు గంటలవరకు నిర్బంధించి, న్యాయవాది లేకుండగనే ప్రశ్నింపవచ్చును. ఇంగ్లండులో న్యాయవాది సలహా 1980లనుండియు హక్కుగానే యున్నది. స్ట్రాస్‌బర్గు న్యాయస్థానము 2008లో టర్కీ దేశపు వ్యాజ్యమొకదానిలో, పోలీసులు మొదట ప్రశ్నించునప్పుడే న్యాయవాది అందుబాటులో నుండవలెనని చెప్పియుండెను. 2009లో ఎడింబరో న్యాయస్థానమున ఏడుగురు న్యాయాధిపతులు కూర్చుండి, తమ వ్యవస్థలో ఇతర రక్షణలు చాలినన్ని యున్నవి కనుక ఆ సూత్రము తమకు వర్తింపదనిరి. పదునారేండ్ల వయస్సున నిర్బంధింపబడిన ఒక గ్లాస్గో బాలుని అప్పీలుపై లండను సుప్రీంకోర్టులో మరి ఏడుగురు కూర్చుండి, 2010 అక్టోబరు 26వ తేదీన ఆ తీర్పును ఏకగ్రీవముగా త్రోసివేసిరి. ప్రధాన తీర్పు వ్రాసిన లార్డ్ హోపును, ఆయనతో ఏకీభవించి వ్రాసిన లార్డ్ రోడ్జరును స్కాట్లండువారే. ఇరువురును ఒకప్పుడు ఎడింబరోలో అత్యున్నత న్యాయపీఠము నధిష్ఠించినవారే. అయినను ఎడింబరోలో చాలమందికి లండను కోర్టు వచ్చి తమ ఇంటి చట్టమును దిద్దినట్లే తోచినది.

మరునాడే స్కాటిషు పార్లమెంటు అత్యవసరముగా సమావేశమై ఒక్క దినములో శాసనము చేసెను. న్యాయవాదిని సంప్రదించు హక్కు వచ్చినది. దానితోపాటు నిర్బంధకాలము ఆరు గంటలనుండి పండ్రెండు గంటలైనది, అవసరమైనచో ఇరువదినాలుగు. హక్కు ఒకటి రాగా, ఆ వెనుకనే ఒక నష్టమును వచ్చినదన్నమాట. న్యాయవాది లేనప్పుడు పలికించిన వాంగ్మూలములపై ఆధారపడిన వ్యాజ్యములు 800కు పైగా ఉపసంహరింపవలసి వచ్చినవి. వానిలో బాధితులును ఉందురు. 2011లో మరియొక హత్యా వ్యాజ్యమున సుప్రీంకోర్టు జోక్యము చేసికొనగా, ఆనాటి ప్రథమ మంత్రి అలెక్స్ సాల్మండ్ బహిరంగముగా అభ్యంతరము తెలిపెను. విచారణ సంఘములు కూర్చుండినవి. చివరకు 2012 స్కాట్లండు చట్టము ఒక మధ్యమార్గమును కనుగొన్నది. హక్కు భంగమైనదా లేదా అన్నంతవరకే లండను కోర్టు చెప్పవలెను. ముద్దాయి గతి యేమో తేల్చుట మరల ఎడింబరో పని.

ఈ గాథలో ఎవరిది న్యాయము? పోలీసు గదిలో ఒంటరిగా కూర్చున్న పదునారేండ్ల బాలుని దృష్టిలో తీర్పు ఏ నగరమునుండి వచ్చినదను ప్రశ్నకు విలువ లేదు. ఎడింబరో న్యాయవాదుల ఆవేదన బూటకమును కాదు. అయితే రక్షణలు చాలునని చెప్పిన వ్యవస్థ ఒక్క దినములో తన చట్టమును మార్చుకొనగలిగినదనిన, ఆ మార్పు అంతకు ముందెన్నడో చేసికొని యుండవలసినదని అంగీకరింపక తప్పదు.

హక్కు ఎల్లప్పుడు బలహీనుని పక్షమే వహించుననుకొనుటయు పొరపాటు. స్కాట్లండులో పెద్ద పెద్ద భూస్వామ్యములు నేటికిని గలవు. 2003లో స్కాటిషు పార్లమెంటు కౌలురైతులకు భద్రత కల్పించుచు చట్టము చేసెను. దానికి ముందు కొందరు భూస్వాములు కౌళ్లను తప్పించుకొనుటకు తొందరపడి నోటీసు లిచ్చియుండుటచేత, వారి ఎత్తును చిత్తు చేయుటకు అందులో ఒక ప్రత్యేక నియమము చేర్చిరి. 2013 ఏప్రిలులో సుప్రీంకోర్టు ఆ నియమము కొందరు భూస్వాముల ఆస్తిహక్కునకు భంగకరమని, కనుక ఎడింబరో సభకు అట్టి నియమము చేయు అధికారమే లేదని తేల్చెను. లోపము దిద్దుకొనుటకు పండ్రెండు నెలల గడువిచ్చెను. ఆ నియమమును నమ్ముకొన్న రైతులకు కాలిక్రింది నేల కదలినది. ఇదే నియమమును వెస్ట్‌మినిస్టరు చేసియుండినచో కోర్టు ఒక ప్రకటనతో ఊరకుండెడిది, నియమము బ్రతికియుండెడిది.

ఉత్తర ఐర్లండు చరిత్ర వేరు. అక్కడ హక్కుల హద్దు ఎందుకు పెట్టిరో తెలిసికొనవలెనన్నచో వెనుకకు పోవలెను. 1921నుండి 1972 వరకు స్టార్మంటు అని పేరుపొందిన ఒక ప్రాంతీయ పార్లమెంటుండెను. అర్ధశతాబ్ది కాలము ఒకే పక్షము అధికారము నెరపినది. కాథలికు మైనారిటీ ఇండ్ల కేటాయింపులోను, ఉద్యోగములలోను, స్థానిక ఓటుహక్కులోను అన్యాయమునకు గురియగుచున్నదని 1960లలో పౌరహక్కుల ఉద్యమము లేచినది. తరువాతి ముప్పది యేండ్ల హింసలో 3,500 మందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. 1971లో విచారణ లేకుండ నిర్బంధించి, ఖైదీలను గోడకానించి గంటల తరబడి నిలువబెట్టుట, తలకు ముసుగులు తొడుగుట, నిద్రాహారములు లేకుండ చేయుట వంటి పద్ధతులతో ప్రశ్నించిరి. ఐర్లండు ప్రభుత్వమే బ్రిటనుపై స్ట్రాస్‌బర్గులో వ్యాజ్యము వేయగా, 1978లో న్యాయస్థానము అవి అమానుషములు, అవమానకరములు అని తీర్పు చెప్పెను.

స్వపరిపాలన మాత్రమే న్యాయమునకు హామీ కాదని ఆ ప్రజలు రక్తము చిందించి నేర్చుకొనిరి. అందుచేత 1998 ఏప్రిలు 10వ తేదీన కుదిరిన బెల్‌ఫాస్టు ఒప్పందములో, యూరోపియను ఒడంబడికను ఉత్తర ఐర్లండు చట్టములో చేర్తుమనియు, దానికి విరుద్ధమైన శాసనసభా చట్టములను త్రోసివేయు అధికారము కోర్టుల కిత్తుమనియు బ్రిటిషు ప్రభుత్వము మాట ఇచ్చినది. ప్రజాభిప్రాయ సేకరణలో అచటి ఓటర్లలో 71 శాతమునకు పైగా ఆ ఒప్పందమును ఆమోదించిరి. పాత స్టార్మంటు తిరిగి రాదను నమ్మకము ఒక పక్షమునకు, ఎప్పుడైన ఐర్లండుతో ఏకమైనను తమ హక్కులు భద్రమను నమ్మకము రెండవ పక్షమునకు ఆ వాక్యములోనే యున్నది. పైగా ఆ ఒప్పందమునకు బ్రిటను, ఐర్లండు ప్రభుత్వములు రెండును బాధ్యులు. దానిని ఒకరు తమ ఇష్టానుసారము తిరిగి వ్రాయుటకు వీలులేదు.

వేల్సు సంగతి కొంత తేలిక. దానికి ప్రత్యేక న్యాయవ్యవస్థ లేదు. పదునారవ శతాబ్దినుండి ఇంగ్లండుతో కలిసిన న్యాయస్థానములే. అయినను దాని శాసనసభ ప్రత్యేకమగుటచేత చట్టములు వేరగుచున్నవి. బిడ్డలను దండించునప్పుడు “అది సమంజసమైన శిక్ష” అను సమాధానము తలిదండ్రులకు స్కాట్లండులో 2020 నవంబరునుండి, వేల్సులో 2022 మార్చినుండి చెల్లదు. ఆనాడు ఇంగ్లండులో ఆ సమాధానము చెల్లుచునే యుండెను. సరిహద్దు వాగు దాటినచో చట్టము మారునన్నమాట. వాగుకు ఇరువైపుల ఒకే న్యాయపీఠము.

ఇట్టి అల్లిక మీద 2020 డిసెంబరులో లండను ప్రభుత్వము చేయి వేసినది. హక్కుల చట్టము న్యాయాధిపతులకు మితిమీరిన అధికార మిచ్చినదని, మంత్రుల చేతులు కట్టివేసినదని, స్ట్రాస్‌బర్గు మాటకు లొంగవలసి వచ్చుచున్నదని పాలకపక్షములో చిరకాలముగా నున్న ఫిర్యాదు. సర్ పీటర్ గ్రాస్ అను విశ్రాంత న్యాయాధిపతి అధ్యక్షతన స్వతంత్ర సమీక్షా సంఘము నేర్పరచిరి. గ్లాస్గో విశ్వవిద్యాలయపు న్యాయశాస్త్రాచార్యుడొకరును, ఉత్తర ఐర్లండులో పోలీసులపై ఫిర్యాదుల విచారణకు మొట్టమొదటి అధికారిణిగా పనిచేసిన బారొనెస్ ఓలోనును అందులో సభ్యులు. సంఘము 2021 అక్టోబరులో సమర్పించిన నివేదిక ఐదు వందల పుటలు దాటినది. అందులో విప్లవము లేదు. న్యాయాధిపతులు మొదట స్వదేశపు శాసనములను, సంప్రదాయ న్యాయమును పరిశీలించి, ఆ తరువాతనే ఒడంబడిక వైపు పోవలెనని చట్టములో స్పష్టపరుపుమనుట వంటి మితమైన సూచనలే ఉన్నవి. ఉపాధ్యాయులకు ఆసక్తి కలిగించు సూచన మరియొకటి: పాఠశాలలలోను, విశ్వవిద్యాలయములలోను, వయోజన విద్యలోను పౌరధర్మములను, రాజ్యాంగ వ్యవస్థను, హక్కులను బోధించు కార్యక్రమమును ప్రభుత్వము గట్టిగా ఆలోచింపవలెనని సంఘము కోరినది. ఈ సూచనపై పత్రికలలో జరిగిన చర్చ స్వల్పము.

2021 డిసెంబరు 14వ తేదీన నివేదికను ప్రకటించిరి. అదే దినమున న్యాయమంత్రి డొమినిక్ రాబ్ తన స్వంత ప్రతిపాదనలను గూడ విడుదల చేసెను. నివేదిక అడిగినది మరమ్మతు. మంత్రి తలపెట్టినది కూల్చి కట్టుట. 2022 జూన్ 22వ తేదీన హక్కుల బిల్లు పేర కామన్సు సభలో ప్రవేశపెట్టిన ముసాయిదా 1998 చట్టమును పూర్తిగా రద్దుచేయును. శాసనములను హక్కులకు పొసగునట్లు అన్వయింపవలెనను నియమము పోవును. హక్కుల వ్యాజ్యము వేయుటకు ముందుగా కోర్టు అనుమతి పొందవలెను. ఎడింబరో, కార్డిఫ్ ప్రభుత్వములు దీనిని గట్టిగా ఎదిరించినవి.

వారి భయమునకు ఆధారము ఏమి? స్కాట్లండు చట్టములో ‘ఒడంబడిక హక్కులు’ అను మాట గలదు. దానికి అర్థమేమని 126వ విభాగమును చూచినచో, మానవ హక్కుల చట్టములో ఏ అర్థమున్నదో అదే అర్థమని వ్రాసియుండును. ఉత్తర ఐర్లండు చట్టములోను అంతే. మాట ఒక ఇంట, అర్థము మరియొక ఇంట! లండనులో నిఘంటువును మార్చినచో ఎడింబరో వాక్యము దానంతట అదే మారిపోవును. కేంద్రపు సమీక్ష ప్రాంతముల జోలికి రాదనుటకు వీలులేదు. ఆ శాసనముల నేత అట్టిది. ఒక నూలుపోగు లాగినచో నాలుగు బట్టలును ముడుచుకొనును.

ప్రాంతముల అంగీకారము లేకుండ వారికి సంబంధించిన విషయములలో వెస్ట్‌మినిస్టరు సాధారణముగా శాసనము చేయదను సంప్రదాయ మొకటి గలదు. లార్డ్ సూయెల్ పేర దానిని పిలుతురు. 2016లో దానిని స్కాట్లండు చట్టములో వ్రాసియు నుంచిరి. కాని 2017 జనవరిలో సుప్రీంకోర్టు అది రాజకీయ మర్యాదయే కాని కోర్టులో నిలుచు హక్కు కాదని తేల్చెను. ‘సాధారణముగా’ అను ఒక్క పదములో ఒక జాతి రాజ్యాంగ భద్రత అంతయు వ్రేలాడుచున్నది. చట్టము వ్రాయువారు విశేషణములను ఎంత జాగ్రత్తగా ఎన్నుకొందురో విద్యార్థులకు చూపుటకు ఇంతకంటె మంచి ఉదాహరణము దొరకదు.

బిల్లు నిలువలేదు. రెండవ పఠనము జరుగకయే మూలబడి, 2023 జూన్ నెలలో అధికారికముగా విరమింపబడినది. అయితే ఆ సంవత్సరము సెప్టెంబరులోనే ఉత్తర ఐర్లండు హింసాకాలపు నేరములకు సంబంధించి, షరతులతో క్షమాభిక్ష ఇచ్చుచు, కొత్త సివిలు వ్యాజ్యములను, మరణ విచారణలను నిలిపివేయుచు వెస్ట్‌మినిస్టరు ఒక శాసనము చేసెను. ఎన్నడును ఒక మాటపై నిలువని ఉత్తర ఐర్లండు పక్షములు ముఖ్యమైనవన్నియు దానిని వ్యతిరేకించినవి. 2024 ఫిబ్రవరిలో బెల్‌ఫాస్టు హైకోర్టు ఆ క్షమాభిక్ష ఒడంబడికకు విరుద్ధమని ప్రకటించెను. వ్యాజ్యము అప్పీళ్లకు పోయినది. హక్కుల చట్టము రద్దయి యుండినచో ఆ మృతుల కుటుంబములు మరల స్ట్రాస్‌బర్గు దారి పట్టవలసి వచ్చెడిది.

ఇక మరల బడికి పోవుదము. 2021 మార్చి 16వ తేదీన స్కాటిషు పార్లమెంటు ఐక్యరాజ్య సమితి బాలల హక్కుల ఒడంబడికను తన న్యాయములో చేర్చు బిల్లును ఏకగ్రీవముగా ఆమోదించెను. లండను ప్రభుత్వపు న్యాయాధికారులు దానిని సుప్రీంకోర్టుకు పంపిరి. బాలల హక్కులపై వారికి అభ్యంతరము లేదు. స్కాట్లండుకు వర్తించు వెస్ట్‌మినిస్టరు శాసనములను గూడ కోర్టులు ఆ కొలబద్దతో కొలుచుటపైననే అభ్యంతరము. 2021 అక్టోబరు 6వ తేదీన న్యాయస్థానము వారితో ఏకీభవించినది. చిన్న సభ చేసిన చట్టముతో పెద్ద సభ చేసిన చట్టమును కొలువరాదు. రెండేండ్లు గడచిన పిమ్మట బిల్లును కుదించి, 2023 డిసెంబరులో తిరిగి ఆమోదించిరి. 2024 జూలై 16వ తేదీన అమలులోనికి వచ్చినది. ఎడింబరో సభ చేసిన చట్టముల క్రింద పనిచేయునప్పుడు మాత్రమే అధికారులు బాలల హక్కులకు కట్టుబడియుండవలెనని నియమము.

స్కాట్లండులో పాఠశాలల నిర్వహణకు మూలమైన శాసనము 1980 నాటి విద్యాచట్టము. ఆ యేడు ఎడింబరోలో పార్లమెంటు లేదు. దానిని చేసినది వెస్ట్‌మినిస్టరు. కావున ఆ చట్టము క్రింద విద్యాధికారులు చేయు పనులకు బాలల హక్కుల చట్టము వర్తింపదు. బాలలు తమ దినములో ఎక్కువ భాగము గడపు చోటనే ఆ వెలితి యున్నది. దానిని పూడ్చుటకు ఎడింబరో సభ 1980 చట్టములోని నియమములను తిరిగి తన చట్టముగా వ్రాసికొనవలసియుండును. దండనకు చేయి చాపని ఆ ఫైఫ్ బాలుడు బడి విడిచినప్పటికి ఆ 1980 చట్టము ఇంకను పుట్టలేదు.